చిరువ్యాపారం - వ్యవస్థా నిర్మాణం

మన ఊరి బజారులోని ఒక కిరాణా దుకాణాన్ని పరిశీలించండి. గల్లాపెట్టె ముందు కూర్చున్న యజమాని సరుకు తూచే కుర్రవానికి ధర చెబుతాడు. అదే సమయంలో టోకు వర్తకునితో ఫోనులో బేరమాడతాడు. అరువు పుస్తకంలో పద్దు వ్రాస్తూనే ఎదుట నిలిచిన ఖాతాదారును పాత బాకీ అడుగుతాడు. కొనుగోలు, అమ్మకం, లెక్కలు, వసూళ్లు, పనివారి అజమాయిషీ అన్నీ ఆ ఒక్క మనిషిలోనే ఇమిడి ఉన్నాయి. ఆయనకు జ్వరం వచ్చిన నాడు దుకాణం మూతపడుతుంది. ఒకవేళ ఇంట్లోవారు తలుపులు తెరిచినా, ఏ సరుకు ఏ ధరకు కొన్నదీ, ఎవరికి అరువు ఇవ్వవచ్చునో, ఎవరికి ఇవ్వరాదో వారికి తెలియదు. ఆ దుకాణానికి పెట్టుబడి ఉంది, సరుకు ఉంది, నమ్మకమైన ఖాతాదారులు ఉన్నారు. వ్యవస్థ మాత్రం లేదు.

వ్యవస్థ అనగానే పెద్ద భవనాలు, వరుసగా గదులు, తలుపులపై హోదాల పలకలు మన మనస్సులో మెదలుతాయి. నిజానికి వ్యవస్థ అంటే అది కాదు. ఏ పని ఎవరు చేయాలి, ఏ విషయంలో నిర్ణయం ఎవరిది, ఆ నిర్ణయానికి ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి అనే ప్రశ్నలకు అవసరం రాకముందే ఏర్పరచుకొన్న సమాధానమే వ్యవస్థ. దానిని ఒక కాగితంపై వ్రాసుకోవచ్చు. అయిదుగురు పనిచేసే చోట ఆ కాగితం అరఠావు మించదు.

పదిమంది కూడా లేని సంస్థకు ఇంత ఏర్పాటు ఎందుకని పలువురు వ్యాపారులు భావిస్తారు. ఈ భావన సరైనది కాదు. వేయిమంది పనిచేసే కర్మాగారంలో ఒక ఉద్యోగి మానివేస్తే అతని స్థానంలో నిలిచేవారు పదిమంది ఉంటారు. అయిదుగురు పనిచేసే చోట ఒకరు మానివేస్తే సంస్థలో అయిదోవంతు వెళ్లిపోయినట్లే. వెళ్లినవారు తమ పనిలోని మెలకువలన్నీ తమతో తీసుకొనిపోతారు. కాబట్టి చిన్న సంస్థకే ఈ ఏర్పాటు మరింత అవసరం.

చిన్న వ్యాపారం అంటే ఎంతటిది? మన దేశంలో 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం ఇందుకు కొలమానం ఏర్పరచింది. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన పరిమితుల ప్రకారం యంత్రాలు, పరికరాలపై పెట్టుబడి 2.5 కోట్ల రూపాయలకు, వార్షిక వ్యాపారం 10 కోట్ల రూపాయలకు మించని సంస్థ సూక్ష్మ సంస్థ. పెట్టుబడి 25 కోట్లు, వ్యాపారం 100 కోట్లు దాటనంతవరకు అది చిన్న సంస్థ. ఈ లెక్కన మన వీధి చివరి టిఫిను దుకాణం, ముప్పైమంది పనిచేసే ఒక పిండిమర రెండూ ఒకే వర్గంలోకి రావచ్చు. చట్టం ధనాన్ని కొలుస్తుంది. వ్యవస్థను నిర్మించేవారు కొలవవలసినది మనుషుల సంఖ్యను, వారి పనుల మధ్యనున్న సంబంధాలను.

సంస్థ నిర్మాణాన్ని బొమ్మగా గీసి చూపే పద్ధతి అమెరికాలోని రైలుమార్గాల నిర్వహణలో రూపుదిద్దుకొంది. న్యూయార్క్-ఈరీ రైల్వేకు సూపరింటెండెంటుగా ఉన్న డేనియల్ మెక్‌కాలమ్ 1855లో తన సంస్థకు ఒక పటం తయారుచేయించాడు. ఆ పటం ఒక మొక్క ఆకారంలో ఉంటుంది. డైరెక్టర్లు, అధ్యక్షుడు పైన కాక, క్రింద వేళ్ల స్థానంలో ఉంటారు. కాండం నుంచి శాఖలు చీలి, వాటి చివర స్టేషన్లలోను, రైళ్లలోను పనిచేసే ఉద్యోగులు ఆకులవలె కనిపిస్తారు. యాభై మైళ్ల మార్గాన్ని నడిపే అధికారి ప్రతి పనిని స్వయంగా చూసుకోగలడని, ప్రతి ఉద్యోగిని ఎరిగి ఉంటాడని, అయిదువందల మైళ్ల మార్గానికి ఆ పద్ధతి పనికిరాదని మెక్‌కాలమ్ వాదించాడు. పొడవైన మార్గాలలో నష్టాలు రావడానికి కారణం దూరం కాదని, తగిన వ్యవస్థ లేకపోవడమేనని ఆయన అభిప్రాయం.

ఈ వాదనను విని, యాభై మైళ్ల మార్గం వంటి చిన్న వ్యాపారానికి వ్యవస్థ అక్కరలేదని అనుకోవడం పొరపాటు. యజమాని చూపు ఎంతవరకు ఆనుతుందో గుర్తించి, ఆ హద్దు చేరకముందే ఏర్పాటు చేసుకోవాలన్నది ఇందులో మనం గ్రహించవలసిన విషయం. ఆ హద్దు ఒక వ్యాపారంలో ముప్పైమంది వద్ద రావచ్చు, మరొక దానిలో ముగ్గురి వద్దనే రావచ్చు.

ఒక ఉదాహరణను ఊహించుకుందాం. గుంటూరు ప్రాంతంలోని ఒక పట్టణంలో అక్కాచెల్లెళ్లిద్దరు పచ్చళ్ల తయారీ ప్రారంభించారు. పాళ్లు, రుచి అక్కకు బాగా తెలుసు. చెల్లెలు వాణిజ్యశాస్త్రంలో పట్టభద్రురాలు కనుక లెక్కలు చూస్తుంది. అక్క భర్త విజయవాడ, హైదరాబాదు నగరాలలోని దుకాణాలకు తిరిగి ఆర్డర్లు తెస్తాడు. ఏడాది పొడవునా పనిచేసే స్త్రీలు నలుగురు. మామిడికాయల కాలంలో మరో పదిమంది చేరతారు. మొదటి రెండేళ్లు వ్యాపారం చక్కగా సాగింది. ముగ్గురూ ఒకే ఇంటివారు, ఒకే వసారాలో పని. ఎవరికి ఏది తోచితే అది చెప్పేవారు, ఎవరికి వీలైతే వారు చేసేవారు.

మూడో వేసవిలో చిక్కు వచ్చింది. ఆవకాయ కలిపిన తరువాత మూడో నాడు తిరగకలిపి, ఉప్పు, కారం చూసి, నూనె పైకి తేలిన తరువాతనే సీసాలకు ఎత్తాలని అక్క నియమం. రెండో నాటి మధ్యాహ్నం ఆమె భర్త వచ్చి, విజయవాడ దుకాణానికి సరుకు ఆ సాయంత్రమే పంపాలని, వెంటనే సీసాలు నింపమని పనివారితో చెప్పాడు. "పెద్దమ్మగారు రేపటివరకు ముట్టవద్దన్నారు" అని ఒకామె సందేహించింది. "ఆమెతో నేను చెబుతానులే" అన్నాడాయన. సీసాలు వెళ్లాయి. కొద్దిరోజులకు వాటిలో కొన్ని బూజు పట్టి తిరిగి వచ్చాయి. తొందరలో తడి ఆరని సీసాలు కూడా నింపారని తరువాత తెలిసింది. తప్పు ఎవరిది? తన మాట వినలేదని అక్క అంటుంది. గడువు తప్పితే దుకాణదారు వేరొకరి సరుకు తీసుకొనేవాడని భర్త అంటాడు. ఇద్దరూ యజమానులేనని, ఎవరి మాట కాదనగలమని పనివారు అంటారు. సీసాల ఖర్చు ఏ పద్దులో వ్రాయాలో తెలియదని చెల్లెలు అంటుంది. ఎవరి మాటా అబద్ధం కాదు. అయినా నష్టం వచ్చింది, ఇంట్లో మాటలు కరవయ్యాయి.

ఇటువంటి పరిస్థితిని గురించి ఫ్రాన్సు దేశానికి చెందిన హెన్రీ ఫేయోల్ లోతుగా ఆలోచించాడు. ఆయన గనుల ఇంజనీరు. 1888లో దివాలా అంచున ఉన్న ఒక గనుల, ఉక్కు సంస్థకు అధిపతిగా నియుక్తుడై, దానిని నిలబెట్టి, 1918 వరకు నడిపాడు. తన అనుభవసారాన్ని 1916లో పరిపాలనపై వెలువరించిన గ్రంథంలో పద్నాలుగు సూత్రాలుగా చెప్పాడు. వాటిలో 'ఆజ్ఞా ఏకత్వం' ఒకటి. ఒక పనికి సంబంధించి ఒక ఉద్యోగి ఒక్కరి నుంచే ఆజ్ఞలు స్వీకరించాలన్నది దాని అర్థం. పై ఉదాహరణలో పనివారికి ఇద్దరు ఆజ్ఞ ఇచ్చారు. ఆ ఇద్దరిలో ఎవరి మాట చెల్లుతుందో నిర్ణయించే భారం రోజుకూలీపై పనిచేసే స్త్రీపై పడింది. ఆ నిర్ణయం ఆమెది కాదు, దాని ఫలితం మాత్రం ఆమె మీదికి వచ్చింది.

దీనికి పరిష్కారం ఒకరి నోరు మూయించడం కాదు. తయారీ గదిలో ఆజ్ఞ అక్కది మాత్రమే అని తేల్చుకోవాలి. ఆర్డరు తొందర ఉంటే భర్త ఆ మాటను పనివారితో కాక ఆమెతో చెప్పాలి. అవునన్నా కాదన్నా ఆమె చెప్పాలి. అదే విధంగా ఏ దుకాణానికి ఎంత గడువు ఇవ్వాలన్నది ఆయన నిర్ణయం. ఆమె నేరుగా దుకాణదారుకు ఫోను చేసి గడువు మార్చరాదు. అయితే ఆర్డరు ఒప్పుకొనే ముందు సరుకు ఏనాటికి సిద్ధమవుతుందో ఆమెను అడగవలసిన బాధ్యత ఆయనకు ఉంటుంది. ఈ నాలుగు వాక్యాలు గోడకు అంటించి ఉంటే ఆ సీసాలు తిరిగి వచ్చేవి కావు.

పనివారి సంఖ్య పెరిగినకొద్దీ యజమానికి భారం ఎందుకు అంత త్వరగా పెరుగుతుందో వి.ఎ. గ్రైకునాస్ అనే నిర్వహణ సలహాదారు 1933లో గణితంతో చూపించాడు. యజమాని క్రింద ఒకరుంటే ఒకే సంబంధం. ఇద్దరుంటే రెండు కాదు, ఆరు. యజమానికి ఒక్కొక్కరితో విడివిడిగా రెండు, వారిద్దరిలో ఒకరికి మరొకరితో ఉండేవి రెండు, ఒకరు వినగా మరొకరితో మాట్లాడేవి రెండు. మనం ఒంటరిగా ఉన్న వ్యక్తితో మాట్లాడే తీరు, తోటివాడు వింటుండగా మాట్లాడే తీరు ఒకటి కావు కదా! ఈ లెక్కన ముగ్గురుంటే సంబంధాలు 18, నలుగురుంటే 44, అయిదుగురుంటే 100. మన ఉదాహరణలోని పద్నాలుగుమందికి ఈ సూత్రం వర్తింపజేస్తే లక్షా పద్నాలుగువేలకు పైగా వస్తాయి. ఇవన్నీ ప్రతిదినం పనిలోకి వచ్చే సంబంధాలు కావు కనుక ఈ అంకెలను అక్షరాలా తీసుకోనక్కరలేదు. కాని నాలుగో మనిషి నుంచి అయిదో మనిషికి వచ్చినప్పుడు పని ఒక పాలు పెరిగితే చిక్కు రెండింతలకు మించి పెరుగుతుందన్న సంగతి, పనివారిని పెట్టుకొన్న ప్రతివారికీ అనుభవంలోకి వచ్చేదే.

కాబట్టి వేసవిలో వచ్చే పదిమందీ అక్కవద్దకే పరుగెత్తే ఏర్పాటు నిలవదు. కాయలు కడిగి, తుడిచి, ముక్కలు కొట్టే జట్టు ఒకటి, పొడులు కలిపి పచ్చడి పెట్టే జట్టు ఒకటి, సీసాలు నింపి చీటీలు అంటించే జట్టు ఒకటిగా విభజించి, ఏడాది పొడవునా ఉండే నలుగురిలో ముగ్గురిని జట్టు పెద్దలుగా నియమించాలి. నాలుగో ఆమె సరుకుల గదికి బాధ్యురాలు. అప్పుడు అక్క పద్నాలుగుమందితో కాక నలుగురితో మాట్లాడుతుంది. రుచి చూడడానికి ఆమెకు తీరిక దొరుకుతుంది. ఆ వ్యాపారానికి ప్రాణం ఆ రుచే.

ఇక ఇటువంటి ఏర్పాటును ఎలా మొదలుపెట్టాలి? సాధారణంగా అందరూ మనుషుల పేర్లు ముందు వ్రాసి, వారికి పనులు వెదుకుతారు. ఇది తలక్రిందుల పద్ధతి. ముందుగా పనులను వ్రాయాలి. పచ్చళ్ల సంస్థలో కాయలు, మిరపకాయలు, ఆవాలు, నూనె కొనడం, తయారీ, నాణ్యత చూడడం, నిల్వ, అమ్మకం, రవాణా, వసూలు, లెక్కలు, పనివారి హాజరు, కూలి చెల్లింపు, ఆహార భద్రతా అనుమతి వంటి ప్రభుత్వ వ్యవహారాలు అని వరుసగా వ్రాసి, ఒక్కొక్క దాని ఎదుట ఒక్క పేరు మాత్రమే వ్రాయాలి. ఒకరి పేరు నాలుగు పనుల ఎదుట రావచ్చు. చిన్న సంస్థలో అది సహజం. ఒక పని ఎదుట రెండు పేర్లు వస్తే మాత్రం ఆగి ఆలోచించాలి. ఇద్దరి పని అన్నది తరచు ఎవరి పనీ కాకుండా పోతుంది. ఏ పేరూ లేని పని బయటపడడం కూడా ఈ పట్టిక వలన కలిగే లాభమే. చాలా చోట్ల ఆ ఖాళీ వసూళ్ల ఎదుట కనిపిస్తుంది. అమ్మినవాడు అమ్మకంతో తన పని అయిపోయిందనుకుంటాడు, లెక్క వ్రాసేవారు వ్రాతతో అయిపోయిందనుకుంటారు. డబ్బు దుకాణదారు దగ్గరే ఉండిపోతుంది.

పని అప్పగించడంతోపాటు దానికి తగిన అధికారాన్ని కూడా అప్పగించాలి. సరుకుల గదిని చూసే ఆమెను తడి మిరపకాయలకు బాధ్యురాలిని చేస్తాం. కాని బండి దిగుతున్నప్పుడు బస్తా విప్పి, చెమ్మ తగిలితే వెనక్కు పంపే హక్కు ఆమెకు లేకపోతే ఆ బాధ్యతకు అర్థం ఏముంది? అధికారం లేని బాధ్యత శిక్ష వంటిది. బాధ్యత లేని అధికారం అంతకన్న ప్రమాదకరం. అధికారానికి హద్దు కూడా చెప్పాలి. ఉదాహరణకు అయిదువేల రూపాయల వరకు కొనుగోలు చెల్లెలు ఒక్కతే నిర్ణయించవచ్చు, అంతకు మించితే అక్కతో కలిసి నిర్ణయించాలి అని వ్రాసుకోవచ్చు. ఆ అంకె ఎంత అన్నది వారి ఇష్టం. ఏదో ఒక అంకె ఉండడం ముఖ్యం.

డబ్బు విషయంలో పూర్వపు వర్తకులు ఒక మంచి పద్ధతి పాటించేవారు. రోజువారీ జమాఖర్చులు చిట్టాలో ఎక్కేవి. అందులోని పద్దులు పేరుపేరునా ఆవర్జాలోకి చేరేవి. పెద్ద కొట్లలో గల్లాపెట్టె వద్ద కూర్చునేవారు ఒకరు, లెక్కలు వ్రాసే గుమాస్తా మరొకరు. నేడు చిట్టా స్థానంలో కంప్యూటరు వచ్చింది, గల్లాపెట్టెలో పడవలసిన సొమ్ము చాలావరకు సెల్‌ఫోను ద్వారా బ్యాంకు ఖాతాకు చేరుతున్నది. అయినా ఆ విభజన వెనుకనున్న తర్కం మారలేదు. సొమ్ము తాకేవారు, లెక్క వ్రాసేవారు వేరువేరుగా ఉండాలి. ఇది అనుమానంతో చేసే ఏర్పాటు అని కొందరు నొచ్చుకుంటారు. నిజాయితీపరునికి ఇది రక్షణ. సొమ్ము తక్కువైన నాడు అతని తరఫున సాక్ష్యం చెప్పేది మరొకరి చేతివ్రాతే. మన గ్రామాలలోని మహిళా పొదుపు సంఘాలు ఈ సంగతిని బాగా గ్రహించాయి. పది, పదిహేనుమంది సభ్యులున్న సంఘంలో కూడా సమావేశానికి ఒక తీర్మానాల పుస్తకం, అప్పులకు, పొదుపులకు వేరు పద్దులు, బ్యాంకు లావాదేవీకి ఒకరికి మించి సంతకాలు ఉంటాయి. పెద్దగా చదువుకోని స్త్రీలు నడిపే సంఘంలో ఉన్న కట్టుబాటు, లక్షలలో లావాదేవీలు జరిపే కొన్ని కుటుంబ వ్యాపారాలలో కనిపించదు.

కుటుంబ వ్యాపారాలలో అసలు చిక్కు వరుసల వల్ల వస్తుంది. ఇంట్లో అన్న పెద్ద, బావగారి మాట కాదనరాదు. కొట్టులో లెక్కలు చూసే మరదలు బావగారి ఖర్చులకు రశీదు అడగవలసి వస్తుంది. ఆమె అడగకపోతే లెక్క చెడుతుంది, అడిగితే మర్యాద చెడినట్లు తోస్తుంది. రశీదు లేనిదే ఏ ఖర్చూ వ్రాయరాదన్న నియమం అందరూ కూర్చుని ముందే చేసుకొంటే, అడిగేది మరదలు కాదు, నియమం. బంధుత్వాన్ని కాపాడే ఉపాయాలలో వ్రాతపూర్వకమైన నియమాన్ని మించినది లేదని చెప్పవచ్చు.

ఈ విషయంలో చట్టం ఏమి చెబుతున్నదో తెలుసుకోవడం అవసరం. ఒక్కరే నడిపేది సొంత వ్యాపారం. ఇద్దరు లేక అంతకన్న ఎక్కువమంది లాభాలు పంచుకొనే ఒప్పందంతో నడిపేది భాగస్వామ్యం. దీనికి 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం వర్తిస్తుంది. భాగస్వామ్యానికి వ్రాతపత్రం తప్పనిసరి కాదు, నోటిమాట చాలు. చాలామంది ఇంతవరకే తెలుసుకొని ఆగిపోతారు. పత్రం లేని చోట చట్టం తన సొంత నియమాలను తెచ్చి పెడుతుంది. వేరే ఒప్పందం లేకపోతే లాభాలు, నష్టాలు అందరికీ సమానమే, ఒకరు అయిదు లక్షలు, మరొకరు యాభైవేలు పెట్టినా సరే. వ్యాపారంలో ఎంత పనిచేసినా భాగస్వామికి జీతం అడిగే హక్కు ఉండదు. మన ఉదాహరణలో తెల్లవారుజామునే లేచి తయారీ చూసే అక్కకు, పెట్టుబడి మాత్రమే పెట్టిన మరొక బంధువుకు ఒకే వాటా వస్తుంది. సాధారణ విషయాలలో అధికసంఖ్యాకుల మాట చెల్లుతుంది. వ్యాపార స్వభావాన్ని మార్చాలంటే అందరి అంగీకారం కావాలి. సంస్థ పేరిట ఒక భాగస్వామి చేసిన అప్పుకు తక్కినవారు సొంత ఆస్తితో సహా బాధ్యులవుతారు. ఒకరు మరణిస్తే, వేరే ఒప్పందం లేని పక్షంలో, సంస్థ రద్దవుతుంది. నమోదు కాని భాగస్వామ్యం బాకీ ఎగవేసిన దుకాణదారుపై ఒప్పందాన్ని ఆధారం చేసుకొని దావా వేయలేదు. ఇవి చదివిన తరువాత కూడా అన్నదమ్ముల మధ్య కాగితం ఎందుకని అనేవారు ఉంటారు. అటువంటి కాగితం లేక కోర్టు మెట్లెక్కిన అన్నదమ్ములు కూడా ఉంటారు.

ఆస్తికి ముప్పు లేకుండా బాధ్యతను పెట్టుబడి మేరకు పరిమితం చేసుకొనేందుకు 2008లో పరిమిత బాధ్యత భాగస్వామ్య చట్టం వచ్చింది. ఒక్కరే సభ్యుడుగా కంపెనీ ఏర్పరచుకొనే వీలును 2013 కంపెనీల చట్టం కల్పించింది. వీటిలో ఏది తగినదో వ్యాపార స్థాయినిబట్టి నిర్ణయించుకోవాలి. చట్టబద్ధమైన రూపం యాజమాన్యాన్ని తేలుస్తుంది. రోజువారీ పనిలో ఎవరు ఎవరికి జవాబుదారీ అన్నది మాత్రం వ్యాపారులే తేల్చుకోవాలి.

యజమాని ఒకరు, పనివారు వేరొకరు అన్న నిర్మాణమే ఏకైక మార్గం కాదు. పనిచేసేవారే యజమానులైన సంస్థకు వ్యవస్థ ఎలా ఉంటుందో చూడాలంటే లిజ్జత్ అప్పడాల సంస్థను గమనించాలి. 1959 మార్చి 15న ముంబయిలోని గిర్గాం ప్రాంతంలో ఏడుగురు గుజరాతీ గృహిణులు తమ భవనం మేడపై అప్పడాలు ఒత్తడం ప్రారంభించారు. ఛగన్‌లాల్ కరంసీ పారేఖ్ అనే సంఘసేవకుడు ఇచ్చిన 80 రూపాయల అప్పే వారి మూలధనం. మొదటి రోజు తయారైనవి నాలుగు పొట్లాలు. విరాళాలు స్వీకరించరాదని వారు తొలినాళ్లలోనే నిశ్చయించుకొన్నారు. మొదట రెండు రకాల అప్పడాలు, ఒకటి తక్కువ ధరకు, చేయగా పారేఖ్ వారించాడు. ఒకే ప్రమాణం గల అప్పడం చేయండి, నాణ్యతలో రాజీపడవద్దు, దీనిని వ్యాపారంగా భావించి లెక్కలు సరిగా వ్రాయండి అన్నది ఆయన హితవు. 1966లో ఆ సంస్థ సంఘాల నమోదు చట్టం క్రింద నమోదయింది. అదే ఏడాది ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ గుర్తింపు కూడా లభించింది. స్థాపకులలో ఒకరైన జస్వంతీబెన్ జమ్నాదాస్ పోపట్‌ను భారత ప్రభుత్వం 2021లో పద్మశ్రీతో గౌరవించింది.

ఈ సంస్థలో పనిచేసే స్త్రీలు కూలీలు కారు, సభ్యులు. ఒకరినొకరు 'బెన్', అనగా సోదరి, అని పిలుచుకొంటారు. పని జరిగే తీరు గమనించదగ్గది. తెల్లవారుజామున శాఖలో పిండి కలుపుతారు. సభ్యులు వచ్చి తమకు కావలసినంత పిండి తూకం వేయించుకొని ఇంటికి తీసుకొనిపోతారు. ఇంట్లో ఒత్తి, ఎండబెట్టి, మరునాడు అప్పడాలు తెచ్చి తూకం వేయించి, నాణ్యత చూపించి, ఒత్తిన కూలి తీసుకొని, మళ్లీ పిండితో వెళతారు. పిండి కలపడం ఒకే చోట జరగడం వలన రుచి మారదు. ఒత్తడం ఇళ్లలో జరగడం వలన పసిపిల్లల తల్లులు కూడా పనిచేయగలుగుతారు. ఏ పనిని ఒకచోట చేర్చాలి, దేనిని పంచివేయాలి అన్న ప్రశ్నకు ఇంత చక్కని సమాధానం పాఠ్యగ్రంథాలలో కూడా అరుదు. ప్రతి శాఖకు 'సంచాలిక' బాధ్యురాలు. అన్నింటిపైన ఇరవై ఒక్కమంది సభ్యురాళ్ల కార్యవర్గం ఉంటుంది. లాభంలో సభ్యులందరికీ పాలు ఉంటుంది. యాజమాన్యం అందరిదీ అయినా, శాఖలో ఆ రోజు తెచ్చిన అప్పడాలు తీసుకోవాలా తిప్పిపంపాలా అన్న నిర్ణయానికి ఒక బాధ్యులు ఉన్నారు. సమానత్వం ఉన్నచోట ఆజ్ఞా ఏకత్వం కుదరదన్న అపోహను ఈ ఏర్పాటు తొలగిస్తుంది.

మన ప్రాంతంలో ఇటువంటి ఉమ్మడి సంస్థలు స్థాపించదలచినవారికి 1995లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఒక మార్గం చూపింది. సంఘం తన నియమావళిని తానే వ్రాసుకొని, ప్రభుత్వ వాటాధనం లేకుండా, తన ఎన్నికలు తాను జరుపుకొనే వీలు ఈ చట్టంలో ఉంది.

వ్యవస్థ లేకపోవడం ఎంత లోపమో, అవసరానికి మించి ఉండడం కూడా అంతే లోపం. ఆరుగురు పనిచేసే చోట ఒక జనరల్ మేనేజరు, ఇద్దరు మేనేజర్లు, ఒక ఉపమేనేజరు ఉన్న సంస్థలను చూస్తుంటాం. విజిటింగు కార్డులు అచ్చువేసినవానికి తప్ప ఇందువల్ల ఎవరికీ లాభం లేదు. పాతిక రూపాయల జిగురు సీసా కొనడానికి మూడు సంతకాలు కావలసివస్తే, పనివారు సంతకాల వెంట తిరుగుతూ పని మరచిపోతారు. పక్కపక్క గదులలో ఉన్న ఇద్దరు జట్టు పెద్దలు చిన్న విషయాన్ని తమలో తాము మాట్లాడుకొని, తరువాత పైవారికి తెలియజేయవచ్చునని ఆజ్ఞా ఏకత్వాన్ని బోధించిన ఫేయోలే చెప్పాడు. సీసాలు నింపే జట్టుకు మూతలు తక్కువైతే సరుకుల గది ఆమెను నేరుగా అడగవచ్చు. అందుకు అక్క దాకా వెళ్లనక్కరలేదు.

వ్యాపారం పెరిగినప్పుడు నిర్మాణం కూడా మారాలి. మొదట కొనుగోలు, తయారీ, అమ్మకం, లెక్కలు అంటూ పనులనుబట్టి విభజించుకోవడం తేలిక. హైదరాబాదులో ఒక శాఖ తెరిస్తే అక్కడ అమ్మకం, వసూలు, సిబ్బంది అన్నీ చూసే ఒక బాధ్యుడు కావాలి. అప్పుడు ప్రాంతాన్నిబట్టి విభజన మొదలవుతుంది. అక్కడి గుమాస్తా శాఖ బాధ్యునికి జవాబుదారీయా, ఇక్కడ లెక్కలు చూసే చెల్లెలికా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. హాజరు, సెలవులు, పనివేళలు శాఖ బాధ్యుని అధీనంలో, లెక్క వ్రాసే పద్ధతి చెల్లెలి అధీనంలో అని తేల్చుకోవడం మంచిది. ఇటువంటి హద్దును శాఖ తెరిచే ముందే గీయాలి. తెరిచిన తరువాత గీయబోతే ఇద్దరిలో ఒకరికి అది తమ అధికారం తగ్గించినట్లు కనిపిస్తుంది.

ప్రతి పనికి ఒక బాధ్యులతోపాటు వారు లేనినాడు చూసేవారెవరో కూడా వ్రాసి ఉంచాలి. అక్కకు జ్వరం వస్తే పాళ్లు ఎవరు చూస్తారు? పాళ్లు ఆమె చేతి అంచనాలో మాత్రమే ఉంటే ఈ ప్రశ్నకు సమాధానం లేదు. కిలో ముక్కలకు ఆవపిండి ఎంత, కారం ఎంత, ఉప్పు ఎంత, నూనె ఎంత అన్నది తూకంలో వ్రాసి, ఒక జట్టు పెద్దకు నేర్పితే ఉంటుంది. తన విద్య మరొకరికి అందితే తన విలువ తగ్గుతుందేమోనన్న శంక చాలామంది నిపుణులకు ఉంటుంది. అక్క యజమానురాలు కనుక ఆమెకు ఆ భయం ఉండనక్కరలేదు. జీతానికి పనిచేసే నిపుణునికి మాత్రం ఉంటుంది. నేర్పినందుకు అతనికి గౌరవం, వేతనం పెంచి, శిష్యుని పనికి అతనినే పైవానిగా నియమిస్తే ఆ శంక చాలావరకు తొలగుతుంది.

మామిడికాయల కాలం ముగిసి పదిమందీ వెళ్లిపోయిన తరువాత ముగ్గురు యజమానులు, నలుగురు పనివారు ఒక పూట కూర్చుని పట్టికను తిరిగి చూసుకోవాలి. ఏ పని ఎవరికి బరువైంది, ఏ నిర్ణయం ఎక్కడ ఆగిపోయింది, ఏ ఆజ్ఞ రెండు నోళ్ల నుంచి వచ్చింది అన్నది పనివారికే ఎక్కువగా తెలుసు కనుక ముందుగా వారిని చెప్పనివ్వాలి. మార్పులతో కొత్త పట్టిక వ్రాసి, అడుగున తేదీ వేసి, అందరూ సంతకాలు చేయాలి. పాత పట్టికను చించివేయక దస్త్రంలో ఉంచాలి. ఏ తేదీన ఎవరికి ఏ అధికారం ఉండేదన్న ప్రశ్న బ్యాంకు నుంచో, పన్నుల శాఖ నుంచో, భాగస్వాములలో ఒకరి నుంచో ఎప్పుడైనా రావచ్చు.